గడప మీద నిలబడితే గెలిచేవాళ్ళం

క్రికెట్ గురించి ఆడవాళ్ళకేం తెలుసు అనేవాళ్ళు తొంభైల్లో మా వీధి నిండా ఉండేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. గెలవాల్సిన మ్యాచ్‌లో పిరికి ఫీల్డింగ్ పెట్టిన కెప్టెన్‌ని నేను తిడితే, "నీకెందుకే, కూర చూసుకో" అని మా ఆయన నవ్వేవాడు. కూర ఏనాడూ మాడలేదు. నేను అన్నట్టే ఆ కెప్టెన్ ఓడి వచ్చేవాడు.

ఆటగాళ్ళు రంగు బట్టలు వేసుకోవడం నాకు మొదట్లో నచ్చలేదు, తర్వాత అలవాటు పడ్డాను. అలవాటు పడనిది ఆ ఎడతెగని వన్డేలకి. సీజను లేదు, పద్దు లేదు, ఎక్కడో ఎడారి దేశంలో ఇవాళ ఒక కప్పు, రేపు ఇంకో కప్పు. నిన్న ఎవరు గెలిచారో ఇవాళ్టికి గుర్తుండదు. ఓవరు అయ్యీ అవకముందే ప్రకటన, అందులో మళ్ళీ వాళ్ళే, కూల్‌డ్రింకు తాగుతూ పళ్ళికిలిస్తూ. నెట్స్‌లో చెమట కార్చాల్సినవాళ్ళు మేకప్ వేసుకుని కూర్చుంటే బంతి బ్యాటుకి ఎలా తగులుతుంది? మేకప్ సంగతి నాకు చెప్పక్కర్లేదు, మాది సినిమా కొంపే.

నా పని గొంతు. తెలుగు రాని హీరోయిన్లకి తెలుగు చెప్పేదాన్ని. పరిశ్రమ మద్రాసు నుంచి ఇటు కదిలినప్పుడు మేమూ కదిలి, కృష్ణానగర్‌లో ఒక మేడ మీద వాటా అద్దెకి తీసుకున్నాం. మా ఆయన కెమెరా అసిస్టెంటు, నెలలో సగం రోజులు ఔట్‌డోర్ షూటింగుల్లోనే. నేను ఆటో ఎక్కి ఫిల్మ్ నగర్ గుట్ట మీదున్న డబ్బింగ్ థియేటర్‌కి వెళ్ళి వచ్చేదాన్ని.

మా అత్తగారు పోయాక మావయ్యగారు మా దగ్గరికి వచ్చేశారు. రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషి. మా పెళ్ళప్పుడు, "గొంతు అద్దెకిచ్చే పిల్ల మన ఇంటికెందుకురా" అన్నారాయన. ఆ మాట నా చెవిన పడనే పడింది. ఇక్కడికి వచ్చాక కూడా నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. మంచినీళ్ళు కావాలంటే కొడుకుతో, "అమ్మాయిని మంచినీళ్ళు తెమ్మను" అనేవారు. కొడుకు ఔట్‌డోర్‌కి వెళ్తే అదే మాట గోడ మీది క్యాలెండరుతో అనేవారు. రోజంతా మైకు ముందు మాట్లాడి మాట్లాడి ఇంటికొస్తే, నాతో పలికే నాథుడు లేడు. ఏడుపొచ్చేది, చెప్పొద్దూ.

ఒకరోజు మ్యాచ్ మంచి పట్టులో ఉండగా కరెంటు పోయింది. హాల్లో టీవీ ఆగిపోయింది. వంటింట్లో నా ట్రాన్సిస్టర్ మోగుతోంది. మావయ్యగారు కాసేపు తట్టుకున్నారు. తర్వాత లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చి, క్యాలెండరు వైపు కాదు, నా వైపే చూసి అడిగారు.

"ఎంత కొట్టారమ్మా?"

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. స్కోరు చెప్పాను. ఎవరు అవుటయ్యారో, ఎలా అవుటయ్యారో చెప్పాను. ఆయన తల పట్టుకుని, "ఆ షాట్ ఇప్పుడు అవసరమా?" అన్నారు. "వాడి మొహం, ఆ షాట్ ఎప్పుడూ అవసరం లేదు మావయ్యగారూ" అన్నాను. ఆయన నవ్వారు. ఆ ఇంట్లో ఆయన నవ్వడం నేను వినడం అదే మొదలు. ఇంతలో కరెంటు వచ్చింది. నేను హాలుకీ వంటింటికీ మధ్య గడప మీద నిలబడి చూస్తుండగా మనవాళ్ళు గెలిచారు.

సినిమావాళ్ళకి సెంటిమెంటు ఎంత పిచ్చో లోకానికి తెలుసు. మొదటి సినిమాకి ఏ చొక్కా వేసుకుంటే ఆడిందో, చిరిగేదాకా అదే చొక్కా. రైల్వే మనిషైనా మావయ్యగారికి కూడా అది అంటుకుంది. ఆనాటి నుంచి మ్యాచ్ ఉందంటే ఆయన పేము కుర్చీలో, నేను గడప మీద. కాళ్ళు పీకుతున్నాయని పీట వేసుకోబోతే, "వద్దమ్మా, వికెట్ పడుతుంది" అనేవారు. నిజంగానే పడేది!

కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ అప్పుడప్పుడు పైకొచ్చి నన్ను చూసి నోరు నొక్కుకునేది. "ఏందమ్మా గిది? నువ్వు గీడ నిలబడితే గాడ సిక్సులు పడతయా? గట్లనే మా బోరింగుల నీళ్ళు పడేటట్టు జర కిందికొచ్చి నిలబడరాదు!"

ఆమె ఎంత ఎగతాళి చేసినా నాకు ఫరవాలేదు. ఆటలోంచి మా మాటలు మెల్లగా ఇంకో పక్కకి కూడా పాకాయి. వర్షానికి మ్యాచ్ ఆగితే, మావయ్యగారు మా అత్తగారు చేసే చేపల పులుసు సంగతి చెప్పేవారు. గూడ్సు బండి చివర బ్రేకు పెట్టెలో ఒంటరిగా కూర్చుని కామెంటరీ విన్న రోజులు చెప్పేవారు. నా పని గురించి మాత్రం అడిగేవారు కాదు. నేనూ చెప్పేదాన్ని కాదు. సాయంత్రం పూట యూసుఫ్‌గూడ వైపు నడకకని బయల్దేరేవారు, ఒక్కోసారి మధ్యాహ్నమే వెళ్ళిపోయేవారు. అంత ఎండలో నడకేమిటని నేను గొణుక్కునేదాన్ని.

ఒక పెద్ద మ్యాచ్ రోజు నాకు డబ్బింగ్ పడింది. హీరోయిన్ తల్లి చనిపోయే సీను. ఆ రోజుల్లో ఫిల్ము ముక్కని లూపు కట్టి తెర మీద పదే పదే తిప్పేవారు. పెదాలు చూసుకుంటూ, కుదిరేదాకా అదే మాట చెప్పాలి. అద్దం వెనక రికార్డిస్టు చెవి దగ్గర చిన్న రేడియో. వికెట్ పడితే పిడికిలి కిందికి దించి చూపిస్తాడని మా ఇద్దరి ఒప్పందం. గెలుస్తామనుకున్న మ్యాచ్. సరిగ్గా "అమ్మా" అనే చోట ఆ పిడికిలి కిందికి దిగింది. చివరి వికెట్. నాకు ఎక్కణ్ణించి తన్నుకొచ్చిందో ఆ ఏడుపు, లూపు ఆగినా నేను ఆగలేదు. దర్శకుడు లోపలికి పరిగెత్తుకొచ్చి, "ఈ ఏడుపు ఎక్కణ్ణించి తెచ్చావమ్మా, అద్భుతం!" అన్నాడు. "మనవాళ్ళిచ్చారండీ" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. బొంగురు గొంతుతో ఇంటికొచ్చేసరికి మావయ్యగారు అన్నం తినకుండా కూర్చుని ఉన్నారు. ఇద్దరం కాసిన్ని మజ్జిగ తాగి, సెలెక్టర్లని తిట్టుకున్నాం.

ఆ తర్వాత కొన్నేళ్ళకి పుకార్లు మొదలయ్యాయి. మ్యాచ్‌లు ముందే అమ్ముడుపోతున్నాయట, కొందరు కావాలనే అవుటవుతున్నారట. పేపరు నిండా అదే గోల. మా ఆయన షూటింగ్ నుంచి వచ్చి, "అంతా స్క్రిప్టేనే! నిప్పు లేనిదే పొగ వస్తుందా? సినిమావాళ్ళం, మనకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు, తండ్రి వింటుండగానే.

 "సినిమా అబద్ధమని చెప్పే అమ్ముతాం. పేర్లు వేసి మరీ చూపిస్తాం, ఫలానావాడు రాశాడు, ఫలానావాడు తీశాడు అని. వీళ్ళు ఎవరి పేరు వేశారు? నేను కాళ్ళు పడిపోయేలా నిలబడింది ఎవడో రాసిచ్చిన కథకా?" అని అరిచాను. ఆ అభిప్రాయం ఇప్పటికీ మార్చుకోలేదు. చెత్తగా ఆడి ఓడినవాణ్ణి తిట్టి, మర్నాడు మళ్ళీ నెత్తిన పెట్టుకుంటాను. అమ్ముకున్నవాడు నా తిట్టుని కూడా అమ్ముకున్నట్టే.

 మావయ్యగారు మర్నాటి మ్యాచ్‌కి టీవీ పెట్టలేదు. పేము కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నారు. వర్షం, పులుసు, గూడ్సు బండి, అన్నీ ఆటతోపాటే ఆగిపోయాయి. "అన్నం పెట్టమ్మా" ఒక్కటే మిగిలింది. ఇంకొన్నాళ్ళకి అది కూడా క్యాలెండరు వైపు తిరుగుతుందని నాకు భయం పట్టుకుంది. ఓనరమ్మ కూడా కనిపెట్టింది. "ముసలాయనకు పానం బాగలేదా ఏంది? సప్పుడే లేదు ఇంట్ల" అంది.

అప్పుడే ఒక బౌలర్ మీద ఆరోపణ వచ్చింది. పెద్ద పేరున్నవాడేం కాదు గానీ మావయ్యగారికి మహా ఇష్టం. అలసిపోయినా బంతి అడిగి తీసుకుంటాడని మురిసిపోయేవారు. అతను టీవీ వార్తల్లో కనిపించి, దేశాన్ని ఎన్నడూ మోసం చెయ్యలేదన్నాడు. పొద్దున వార్తల్లో అదే ముక్క, మధ్యాహ్నం అదే ముక్క, అచ్చం మా లూపులాగే. సాయంత్రం వార్తలకి మావయ్యగారు కుర్చీని టీవీ వైపు తిప్పారు.

"అమ్మా, ఒకసారి ఇలా రా."

చేతులు తుడుచుకుంటూ వెళ్ళి, అలవాటు ప్రకారం గడప మీదే నిలబడ్డాను.

"నీ పని ఇదే కదా. మనిషి సొంతంగా మాట్లాడేదీ, నేర్చుకుని మాట్లాడేదీ నీకు తెలుస్తుంది. విని చెప్పు. ఈ అబ్బాయి నిజం చెబుతున్నాడా?"

నా పని గురించి ఆయన నాతో అన్న మొదటి మాట అది. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట, ఇలాంటప్పుడా రావడం!

విన్నాను. సొంత మాట చెప్పేవాడికి ఊపిరి ఎక్కడ తెగుతుందో అతనికే తెలియదు, మాట మధ్యలో అందక తడుముకుంటాడు. నేర్చుకున్నవాడు ముందే గుండెల నిండా పీల్చుకుని మొదలుపెడతాడు. అతను ముందే పీల్చుకున్నాడు. వకీలు రాసిచ్చిన మాట కూడా నిజమే కావచ్చు, కాదనను. కానీ నా చెవికి అది పాఠంలాగే వినిపించింది.  ఆ సంగతి చెబితే కుర్చీ మళ్ళీ కిటికీ వైపు తిరుగుతుంది. ఇంక ఎప్పటికీ ఇటు తిరగదు. ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఉండడు.

"నిజమే చెబుతున్నాడు మావయ్యగారూ. అబద్ధం చెప్పే గొంతు కాదది" అన్నాను.

ఆయన లేచి టీవీ కట్టేశారు. వెనక్కి వచ్చి కూర్చున్నారు.

"బాగా చెప్పావమ్మా. నీ సినిమాల్లో చెప్పినట్టే చెప్పావు."

నేను తెల్లబోయాను. "నా సినిమాలు మీరెప్పుడు చూశారు?"

"నడకకి వెళ్ళానని చెప్పిన మధ్యాహ్నాలన్నీ మ్యాట్నీలేనమ్మా. నీ గొంతు నాకు బాగా తెలుసు. ఒక్క దాంట్లో, తల్లి పోయినప్పుడు, నువ్వు నిజంగా ఏడ్చావు. మజ్జిగ తాగి పడుకున్నామే, ఆ రోజుది కదూ అది?"

తల ఊపాను.

"ఆ మ్యాచ్‌లోనూ ఈ కుర్రాడు ఉన్నాడు" అన్నారాయన.  కళ్ళజోడు తీసి తుడుచుకుని, మూలనున్న పీట చూపించారు.

"ఇంక నువ్వక్కడ నిలబడక్కర్లేదమ్మా. వచ్చి కూర్చో."