చుక్క ముట్టని కాలేయం

మడకశిర బస్సులో పక్కన కూర్చున్న గొర్రెలకాపరి తన స్కానింగు కాగితం చదివిపెట్టమన్నాడు. కాలేయానికి కొవ్వు పట్టిందని ఉంది. "ఎంత తాగుతావన్నా?" అన్నాను.

"నువ్వూ ఆ డాక్టరు మాదిరే అడుగుతాండావే! జన్మలో చుక్క ముట్టలే. గొర్రెకు మేత ఒక్కసారిగా మారిస్తే కడుపు చెడి చస్తాదని మేము కొంచెం కొంచెంగా మారుస్తాం. వానల్లేక రాగులు పోయినాయి, సంగటి మానేసి మూడుపూట్లా రేషను స్టోరుబియ్యమే తింటాండాం. మా కడుపు సంగతి ఎవురన్నా అడిగినారా?"

తిండిని బట్టి పేగుల్లో బ్యాక్టీరియా మారుతుందని, అది పైత్యరసాన్ని మార్చి కాలేయానికి చేటు చేయగలదని తర్వాత చదివాను. ఏం తింటావని అడగడానికి అంత చదివిన డాక్టరుకు నోరు రాలేదు. నాకూ రాలేదు.

ఆ రోజు బస్సులో, కాగితం అడుగున డాక్టరు చేతిరాతతో "తాగుడు మానాలి" అని రాసి ఉంది. చదివి వినిపించాను.

"ఆ మాట కొట్టేయప్పా" అన్నాడు.

పెన్ను తీసి, కాగితం చిరిగేలా కొట్టేశాను.