ఎవరిది ఆబ?

మా చిన్నప్పుడు... ముంగారి తొలకరి వానలకు ముందు, పెద్దనాయన ఇంటి వసారాలో ఆడవాళ్ళు వరుసగా కూర్చుని విత్తనాల కోసం వేరుశనక్కాయలు ఒలిచేవాళ్ళు. ఒలుస్తున్నంతసేపూ పాడాలి. అది ఆయన పెట్టిన నియమం. పాడే నోరు గింజలు నమలలేదు కదా...

యాభైల చివర వరుసగా రెండో కరువు. మా చెల్లెలికి రెండేళ్ళు. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకునే ఒలిచేది. నేను పొట్టు ఎత్తేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం పాటలో అమ్మ గొంతు ఆగింది.

“ఏమ్మే, నీ గొంతు ఇనపడలేదే? నోరు తెరువు” అన్నాడు పెద్దనాయన.

“బిడ్డ పొద్దున్నుంచి ఏడుస్తాండాది బావా... రెండు గింజలు నమిలి పెడదామని...”

“ఇత్తనాలన్నీ మీరు మింగితే నేను మన్ను ఇత్తుకోవల్లా? ఉమ్ము!”

అమ్మ ఉమ్మింది. నేలమీద తెల్లటి ముద్ద... చెల్లెలు దానికోసం చేయి చాపేలోపే కోడి వచ్చి పొడుచుకుపోయింది.

పక్కన ఒలుస్తున్న హుసేన్‌బీ ఊరుకోలేదు. “కోడికీ పాట రాదన్నా... దాని నోరు గూడా తెరిపిస్తావా ఏమి?”



“ఎంత పెట్టినా తీరని ఆబ మీది. ఇద్దరూ రేపట్నుంచి రావద్దండి” అన్నాడు ఆయన.

తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఆబ అంటే ఎంత తిన్నా తీరని ఆశ అట. ఆబగా తిన్నాడు, ఆబగా లాక్కున్నాడు... ఇలా వాడతారు. మరి మింగనే మింగని మా అమ్మకు ఆ మాట ఎలా అంటింది? గాదెలో మూడేళ్ళ కాయలు పెట్టుకుని, ఆ కరువులోనే మా నాయన చేనును నాలుగు మూటల జొన్నలకు రాయించుకున్న పెద్దమనిషిని మాత్రం ఊరంతా ‘ముందుచూపున్న మనిషి’ అంది!

అమ్మకు ఆ వేసవిలో ఇంకెక్కడా పని దొరకలేదు. చెల్లెలు వానలదాకా ఉండలేదు.

మొన్న ఆయన మనవడు ఇక్కడే, మన ఊరి గ్రూపులో, ఆ వసారా ఫోటో పెట్టి, ‘తాత కాలంలో ఇల్లంతా పాటలే’ అని రాశాడు. ఎంతమంది మురిసిపోయారో...

ఇప్పుడు కాయలు మరలో ఒలుస్తున్నారు. ఎవరూ పాడక్కర్లేదు. మీ ఇళ్ళలో ఆనాడు ఒలిచిన అవ్వలు ఇంకా ఉంటే, పాటల సంగతి తర్వాత... అప్పుడు వాళ్ళ ఒళ్ళో ఏ బిడ్డ ఉండిందో అడగండి. ఆ పేరు ఇక్కడ రాయండి.

మా చెల్లెలి పేరు సుంకమ్మ. ఇంతవరకూ ఏ కాగితం మీదా ఎవరూ రాయలేదు.