అల్లుడి కోటా

పెళ్లి కాకముందే నేను చాలా ఊళ్లకు అల్లుణ్ణి. నవ్వకండి, మైకులో అలాగే చెప్పేవారు. రెండువేల సంవత్సరం దాటిన ఆ ఏళ్లలో వైరా నుంచి అశ్వారావుపేట దాకా కబడ్డీ పోటీలు ఎక్కడ జరిగినా ఒకటే నిబంధన: జట్టులో బయటివాళ్లు ఉండకూడదు. ఊరి బిడ్డయినా కావాలి, ఊరి అల్లుడైనా కావాలి. నాలాంటి కిరాయి ఆటగాళ్లు ఆ రెండో దారిలోనే బరిలోకి దిగేవాళ్లం. భుజం మీద కొత్త తువ్వాలు కప్పి, "మా అల్లుడు" అని పోటీలు పెట్టినవాళ్ల ముందు నిలబెట్టేవారు. సంగతి వాళ్లకూ తెలుసు. వాళ్ల జట్టులోనూ అలాంటి అల్లుళ్లు ఉండేవారు మరి. దాన్ని మేం అల్లుడి కోటా అనుకునేవాళ్లం. మోసం అంటారా? అనుకోండి. ఇప్పుడు టీవీలో ఆటగాళ్లను వేలం పాడి కొంటుంటే మీరే కదా చప్పట్లు కొడుతున్నది.

నాది సారపాక దగ్గర అడవి అంచు ఊరు. ఆట లేని రోజుల్లో జామాయిలు కర్ర లారీలకు ఎత్తేవాణ్ణి. ఆ చేతులతోనే బరిలో ఎడమ మూలన నిలబడి, కూతకు వచ్చినవాడి చీలమండ పట్టేవాణ్ణి. నేను పట్టాక విడిపించుకున్నవాళ్లు తక్కువ. గొప్పలు చెప్పుకుంటున్నానా? అవును, చెప్పుకుంటున్నాను. మోకాళ్లు అరగదీసుకుని సంపాదించుకున్న గొప్పలవి.

తర్వాత నిజంగానే పెళ్లయింది. అశ్వారావుపేట అవతల, పామాయిల్ తోటల మధ్య ఊరు మా అత్తగారిది. ఆ ఊరి జట్టును మా మామే చూసుకునేవాడు, మా బావమరిది ఆ జట్టులో కూతకు వెళ్లేవాడు. ఇక దొంగ తువ్వాలు అక్కర్లేదు, అసలైన అల్లుడిగా ఆడొచ్చని ఎంత సంబరపడ్డానో. అంతలోనే వేరే చోట ఒక పోటీలో కుడి మోకాలు మెలితిరిగింది. నెలల తరబడి కుంటుతూ తిరిగాను. కాలు కాస్త మాట వినడం మొదలుపెట్టాక మామ దగ్గరికి వెళ్లి, నన్ను జట్టులో వేయమన్నాను.

"అల్లుడివి నువ్వు. మట్టిల పొర్లుడేంది? కుర్చీ ఏస్త, కూసోని సూడు," అన్నాడు.

"మీ జట్టుల కిరాయి అల్లుళ్లు పొర్లుతలేరా మామా?"

"వాళ్లకు దెబ్బ తాకితే నన్నెవరడుగుతరు? నీకు తాకితే నా బిడ్డకు నేనేం జెప్పాలె?"

అదీ సంగతి. ఉత్తుత్తి అల్లుడు ఆడొచ్చు, అసలు అల్లుడు ఆడకూడదు. మోకాలు తిరిగినప్పుడు కూడా నాకంత నొప్పి కలగలేదు. ఆయన మర్యాద చేస్తూనే నా ఆటకు మంగళం పాడేస్తున్నాడు. నా ఆట ఎప్పుడు ఆగాలో చెప్పాల్సింది నేను, ఇంకెవరూ కాదు. ఆ మాట మీద నాకు అన్నం కూడా సయించలేదు.

ఆ వేసవి పోటీలకు పక్క మండలం జట్టొకటి మనుషుల కోసం వెతుకుతోందని తెలిసి కబురు పెట్టాను. వాళ్లు ఆనందంగా తువ్వాలు కప్పి అల్లుణ్ణి చేసుకున్నారు. ఫైనల్లో ఎదురైంది ఎవరనుకున్నారు? మా అత్తగారి ఊరే.

మైకులో నన్ను ఆ జట్టు ఊరి అల్లుడని చదవగానే జనం గొల్లున నవ్వారు. మామ కుర్చీలోంచి లేచాడు. "గాయన మా అల్లుడు! వాళ్లకెట్లయితడు?"

అంపైర్ తాపీగా, "గట్లనా పెద్దమనిషీ? మరి మీ జట్టుల అల్లుళ్లు ఏ ఇంటోళ్లో జర సూపెట్టు," అన్నాడు.

మామ కూర్చున్నాడు. ఆడవాళ్ల గుంపులోంచి నా భార్య, "కుంటుకుంట ఇంటికొస్తే అన్నం పెట్ట, చెప్తున్న!" అని అరిచింది. ఆడొద్దని మాత్రం అనలేదు.

ఆట సగానికి వచ్చాక మా బావమరిది కూతకు వచ్చాడు. నన్ను తాకడానికి కాలు చాపాడు, చీలమండ అందుకున్నాను. వాడు గుంజిన గుంజుడుకు నా మోకాలు పక్కకు వంగింది. వాడది చూశాడు. "బావా, మోకాలు!" అన్నాడు. కూత మధ్యలో మరో మాట పలికితే కూత తెగినట్టే. అంపైర్ విజిల్ వేశాడు. వాడు ఔట్.

మా జట్టువాళ్లు నా చుట్టూ గంతులేశారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. తండ్రి గట్టు మీద కూర్చోబెట్టాలని చూస్తే, కొడుకు బరిలోనే కూర్చోబెట్టాడు. బయటికి పోతున్నవాడి చెయ్యి పట్టి ఆపాను. "జాలి పడితే ఇంట్ల పడు. ఈడ గాదు. మళ్ల రా, సక్కగ రా," అన్నాను. వాడు తలొంచుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికి వాళ్ల జట్టు మాలో ఒకణ్ణి ఔట్ చేస్తే బావమరిది తిరిగి ఆటలోకి వచ్చాడు. పాయింట్లు సమానమయ్యాయి. చివరి కూతకు వాడే వచ్చాడు. మిగతావాళ్లను వదిలేసి, నా కళ్లలోకి చూస్తూ నేరుగా నా మూలకే వచ్చాడు. పట్టాను. ఈసారి వాడు నా మోకాలి వైపు చూడలేదు. కూత తెగనీయకుండా నన్ను మట్టిలో ఈడ్చుకుంటూ పోయాడు. మోకాల్లో ఏదో పుటుక్కుమంది. అయినా వదల్లేదు. మా జట్టులో ఇంకొకడు నడుం పట్టేలోపే వాడు ముందుకు దూకి నడిమి గీత అందుకున్నాడు.

ఓడిపోయాం. నన్ను మోటారు సైకిల్ మీద దవాఖానాకు తీసుకెళ్లింది వాడే. తోటల మధ్య దారిలో గుంతలు వచ్చినచోటల్లా బండి నెమ్మది చేశాడు.

"కోపమొచ్చిందా బావా?" అన్నాడు.

"ముందుగాల వచ్చింది. గిప్పుడు లేదు," అన్నాను. "ఇగ నేను ఆడను. మీ నాయిన అడిగితే మాత్రం, ఆట నేనే ఆపిన్నని చెప్పు."