తీపి తిన్న నోళ్ళు

డనమ్ ఊరు దాటాక రోడ్డు దక్షిణానికి తిరిగే చోట గొదే వారి కొండ ఉంది. ఒకప్పుడు ఆ వాలంతా రాళ్ళూ ముళ్ళకంపలూ. ఎనభైల మొదట్లో లూసియెన్ గొదే అక్కడ తెల్లద్రాక్ష వేస్తానంటే ఊళ్ళో నవ్వనివాడు లేడు. నడుము లోతు మంచు పడే నేలలో ద్రాక్షేమిటి, యాపిల్ చెట్లకే ప్రాణం మీదికొస్తుంటే, అన్నారు. లూసియెన్ ఆ మాటలు చెవిని పెట్టలేదు. అతని భార్య గిస్లేన్ అసలే పెట్టలేదు.

ఏటా నవంబరులో నేల గడ్డకట్టేలోగా ప్రతి మొక్క మొదలూ మట్టిలో కప్పిపెట్టాలి. లేకపోతే చలికి చచ్చి ఊరుకుంటుంది. సాళ్ళ మధ్య ట్రాక్టరు తిప్పి మట్టి ఎగదోసేది లూసియెన్ అయితే, వెనకాలే పార పట్టుకుని మొక్క మొక్కకీ సర్దుకుంటూ వచ్చేది గిస్లేన్. ఏప్రిల్‌లో ఆ మట్టినే మొగ్గలు చిదిమిపోకుండా వేళ్ళతో తీసేది. "లోకంలో చచ్చినవాళ్ళని పాతేస్తారు, మా ఆవిడ బతికున్నవాళ్ళని పాతేస్తుంది" అని లూసియెన్ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. నాలుగైదేళ్ళ తిప్పల తర్వాత వైన్ వచ్చింది. తీపన్నది బొత్తిగా లేని వైన్. కోసిన పచ్చి యాపిల్ వాసన, చివర్న నాలుక మీద తడిరాయి రుచి. మాంట్రియల్‌లో ఆల్చిప్పలు, వాటి పక్కన ఇలాంటి వైనూ వడ్డించే హోటళ్ళవాళ్ళు వచ్చి పెట్టెలకి పెట్టెలు పట్టుకుపోయేవారు.

కొండ మాత్రం లూసియెన్ పేరున లేదు. తండ్రి పోతూ పోతూ నేలంతా పెద్దకొడుకు అర్మాన్‌కి రాసిపోయాడు. అర్మాన్‌కి గ్రాన్బీలో ఇనప సామాన్ల కొట్టు ఉండేది. రాళ్ళగుట్ట తనకెందుకని తమ్ముణ్ణే చేసుకోమన్నాడు. అన్నదమ్ముల మధ్య కాగితాలెందుకని వీళ్ళూ అడగలేదు.

ఒక అక్టోబరులో, పళ్ళు పిండే షెడ్డులోనే, లూసియెన్ గుండె ఆగి పడిపోయాడు. పూడ్చి వచ్చాక చర్చి కింది హాల్లో గుడ్డు శాండ్‌విచ్చులు తింటున్న చుట్టాలందరి ముందూ అర్మాన్ మరదలి చెయ్యి పట్టుకున్నాడు.

"కొండలో సగం నీదే అమ్మాయ్. మావాడి కష్టం ఎక్కడికీ పోదు" అన్నాడు. ముసలి అత్తలు కళ్ళు తుడుచుకున్నారు.

ఆ మాట నమ్మి గిస్లేన్ ఆ నవంబరులో ఒంటరిగా తోటంతా కప్పిపెట్టింది. ట్రాక్టరూ తనే తోలింది, పారా తనే పట్టింది. మొగుడు పోయి నెల తిరగలేదు. రోజంతా ఏడుస్తూనే పని చేసింది, పని ఆపి మాత్రం ఏడవలేదు. శీతకాలం చెల్లెలి ఇంట్లో గడిపి, మట్టి తీసే వేళకి వచ్చేసరికి గేటుకి కొత్త తాళం వేలాడుతోంది. లోపల కూలివాళ్ళు పలుగులతో మట్టి తీస్తున్నారు. అర్మాన్ మర్యాదగానే బయటికి వచ్చాడు. ఆడదానివి ఒక్కదానివి, నీకీ చాకిరీ ఎందుకు, పట్నంలో హాయిగా ఉండమన్నాడు. హాల్లో అన్న మాట ఆవిడ గుర్తు చేస్తే, దుఃఖంలో ఎవరేం అన్నామో ఎవరికి జ్ఞాపకం ఉంటుంది అన్నాడు. విన్న చుట్టాలున్నారు కదా అని గిస్లేన్ గడప గడపకీ తిరిగింది. ఆవేళ తమకి సరిగా వినబడలేదన్నారు అందరూ.

ఆవిడ మాంట్రియల్‌కి నది ఇవతలున్న లాంగేయ్‌కి పోయి స్కూలు బస్సు నడపడం నేర్చుకుంది. మనిషి సన్నబడింది, మాట తగ్గింది. అలా కొన్నేళ్ళు గడిచాయి. తర్వాత మాంట్రియల్‌లో ఒక యాత్రల కంపెనీ శనాదివారాల్లో జనాన్ని వైన్ తోటలు చూపించడానికి తీసుకెళ్ళే బస్సు పెట్టింది. ఆ ఊళ్ళ దారులు తెలిసిన డ్రైవరు కావాలన్నారు. గిస్లేన్ కుదిరింది. చూడవలసిన తోటల పేర్లు యజమాని చదువుతుంటే అందులో గొదే వారి తోట కూడా ఉంది. ఆవిడ ఊ కొట్టింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ జనం వెనకాల, తలుపు పక్కన నిలబడింది. అర్మాన్ అప్పటికి కొట్టు అమ్మేసి కొండ మీదే కాపురం పెట్టాడు. పెద్ద హాలు కట్టించాడు, గడ్డం పెంచాడు, తోలు చొక్కా తొడిగాడు. గ్లాసుల్లో వైన్ పోస్తూ కథ చెబుతున్నాడు. ఊరంతా నవ్విందనీ, తను మాత్రం వెనక్కి తగ్గలేదనీ, ఏటా నవంబరులో గడ్డకట్టే చలిలో మొక్క మొక్కనీ ఈ రెండు చేతులతో కప్పిపెట్టాననీ చెప్పి అరచేతులు చాపి చూపించాడు. మేకులు తూచి డబ్బులు లెక్కపెట్టుకున్న చేతులవి. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆవిణ్ణి చూశాడు. ఒక్క క్షణం తడబడి, వెంటనే నవ్వేశాడు.

"అదిగో మా మరదలు. ఆవిడ కూడా అప్పుడప్పుడూ ఓ చెయ్యి వేసేదిలెండి" అన్నాడు.

కొండ పోయినందుకు గిస్లేన్ ఏడ్చింది. ఈ మాటకి ఏడవలేదు. బస్సులోకి వచ్చి కూర్చుని స్టీరింగు పట్టుకుంటే, ఇన్నాళ్ళకి చలికాచుకోవడానికి ఓ నిప్పు దొరికినట్టు ఒళ్ళంతా వెచ్చగా అనిపించింది.

ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. అది దానంతటదే ఎదురొచ్చింది. ఒక ఆదివారం మొదట ఆగవలసిన తోటవాళ్ళింట్లో పెళ్ళి. వరస మార్చి జనాన్ని ముందు ఒదిల్ షెడ్డుకి తీసుకెళ్ళింది. ఒదిల్ ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు. గొదే వారి కొండకి పక్క మలుపులోనే మేపుల్ చెట్ల తీపి రసాన్ని పాకం కాచి అమ్ముతుంది. బస్సు జనం అక్కడ చక్కెర నింపి కాల్చిన టార్టు ముక్కలు తిన్నారు, మేపుల్ వెన్న చెంచాలు నాకారు, పాకం బిళ్ళలు బుగ్గన పెట్టుకున్నారు. అలాగే తిన్నగా అర్మాన్ హాల్లోకి నడిచారు. గ్లాసెత్తి ఒక్క గుక్క తాగారో లేదో, ముఖాలు చింతకాయ కొరికినట్టు అయిపోయాయి. ఒకావిడ గ్లాసులోది పక్కనున్న బకెట్టులో పారబోసింది. "నిమ్మరసంలా ఉందేమిటి?" అన్నాడొకడు.

తీపి మేసిన నాలుకకి తీపి లేని వైన్ విషంలా తగులుతుందని వైన్ చేసేవాడి పెళ్ళానికి ఒకరు చెప్పాలా? అర్మాన్‌కి మాత్రం తెలియదు. తెలిసేంత కాలం అతను పీపాల దగ్గర లేడు, లూసియెన్ పద్ధతిలో వైన్ చేసేది పనివాళ్ళే. ఆ సాయంత్రం ఒక్క సీసా అమ్ముడుపోలేదు.

మరుసటి వారం నుంచి గిస్లేన్ కావాలనే ఆ వరస పెట్టింది. మిగతా తోటలన్నీ పొద్దున, శుభ్రమైన నాలుకలతో. భోజనం. ఆ తర్వాత ఒదిల్, ఆ వెంటనే అర్మాన్. జనం ఏదో ఒకటి కొనుక్కుంటున్నారు కనక కంపెనీ అడగలేదు. ఒదిల్ మాత్రం ఊరుకోలేదు.

"అందరూ తీపి ఆఖర్న తింటారు. నువ్వేమిటే, వైన్‌కి ముందు నా కొంపకి తోలుకొస్తావు?" అంది, టార్టు కోస్తూ.

"ఆఖర్న అయితే నిద్రపోతారు."

"నాకు చెప్పకు. ఆ వాకిట్లోంచి ఇక్కడికి వినిపిస్తుంది, మీ బావ పనివాళ్ళ మీద అరుపులు. గ్లాసులన్నీ జిగురుగా ఉంటున్నాయట, సరిగ్గా కడగట్లేదని." ఒదిల్ కత్తి పక్కన పెట్టి ఆవిడ ముఖంలోకి చూసింది. "తేనె పూసిన కత్తి అంటే విన్నాను. మేపుల్ పాకం పూసింది ఇప్పుడే చూస్తున్నా."

"నీ పాకం అమ్ముడుపోతోందా లేదా?"

"పోతోంది."

"అయితే ఇంకొంచెం పెద్ద ముక్కలు కొయ్యి" అంది గిస్లేన్.

అలా కొన్ని వేసవులు నడిచాయి. ఆవిడ ఒక్క అబద్ధం ఆడలేదు. దారిలో ఎవరైనా గొదే వారి వైన్ ఎలా ఉంటుందని అడిగితే, మీరే తాగి చెప్పండి అనేది. హాల్లో తలుపు పక్కన నిలబడి ఆ ముఖాలు ముడుచుకోవడం ఒక్కొక్కటే చూసేది. నవ్వు పైకి రానిచ్చేది కాదు. ఆ కాసేపటి కోసమే వారమంతా బతికేదంటే అతిశయం కాదు. అర్మాన్ కథ చెప్పడం తగ్గించాడు, తర్వాత మానేశాడు. ముఖం చిట్లించుకున్నవాళ్ళకి ఎవడు మాత్రం వీరగాథ చెబుతాడు?

ఒక్కసారి మాత్రం ఆవిడ పాచిక పారలేదు. ఆవేళ బస్సులో మెస్యూ తిబో అని ఓ ముసలాయన ఉన్నాడు, మెట్రో రైలు నడిపి రిటైరైనవాడు. చక్కెర జబ్బు. ఒదిల్ దగ్గర ఏదీ ముట్టకుండా వాకిట్లో సిగరెట్టు కాల్చుకున్నాడు. అర్మాన్ హాల్లో గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు.

"బాబూ, పొద్దున్నించి తాగినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఎవరు చేశారో గానీ ఆ చేతులకి దణ్ణం పెట్టాలి" అన్నాడు.

గిస్లేన్‌కి పట్టుబడిపోయానన్న భయం ఒకవైపు. ఇంకోవైపు ఎన్నో ఏళ్ళ తర్వాత ఒకరు లూసియెన్‌ని మెచ్చుకుంటుంటే పొంగుకొచ్చిన గర్వం. ఆ తోట నా మొగుడు నాటింది, నేను కప్పిపెట్టింది అని ఆ ముసలాయన భుజం పట్టుకుని చెప్పాలనిపించింది. అర్మాన్ ముసలాయన్ని చూశాడు, చుట్టూ ముడుచుకున్న ముఖాల్ని చూశాడు, ఆయన తన మీద జాలిపడుతున్నాడనుకున్నాడో, తాగింది ఎక్కువైందనుకున్నాడో, ఇంకో చుక్క పోసి పంపేశాడు. ఆవిడ వెళ్ళి బస్సు తలుపు తీసింది. మెస్యూ తిబో రెండు సీసాలు కొనుక్కుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తిరుగుదారంతా గిస్లేన్ అద్దంలో ఆ సీసాలనే చూస్తూ బస్సు నడిపింది.

మరుసటి ఏడు అర్మాన్ వైన్‌లో తీపి కలిపాడు. జనానికి పులుపు పడటం లేదని కొట్టువాడి బుద్ధికి తోచింది. బస్సు జనం ముఖాలు కొంచెం విచ్చుకున్నాయి గానీ, మాంట్రియల్ హోటళ్ళవాళ్ళు ఒక్క గుక్క తాగి పెట్టెలు వెనక్కి పంపేశారు. ఆల్చిప్పల పక్కన శరబత్తు ఎవడు పెడతాడు? అతను ఇంకా తీపి కలిపాడు. ఆ కబురు ఒదిల్ మోసుకొచ్చినప్పుడు గిస్లేన్‌కి మొదట సంతోషమే కలిగింది.

తర్వాతి మే నెలలో ఒక శనివారం బస్సు కొండ ఎక్కుతుంటే ట్రాక్టరు చప్పుడు వినిపించింది. దాని వెనకాల గొలుసు, గొలుసు చివర ఓ ద్రాక్ష మోడు, వేళ్ళతో సహా. పై వాలు దాదాపు ఖాళీ అయిపోయింది. షెడ్డు పక్కన మోడుల గుట్ట, మనిషెత్తున. కాల్చడానికి పోగేశారు. జనాన్ని హాల్లోకి పంపి గిస్లేన్ ఆ గుట్ట దగ్గరికి నడిచింది. లూసియెన్ మొదటి ఏడు నాటినవి అవి. బెరడు పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. కింద వేళ్ళకి ఆవిడ ఏటేటా ఎగదోసిన మట్టి ఇంకా అంటుకునే ఉంది.

అర్మాన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. మనిషి దిగిపోయాడు. వీటి చోట తీపి రకం ద్రాక్ష వేస్తున్నానన్నాడు. అప్పు చేశాననీ, ఇది కూడా తప్పితే తోట అమ్ముకోవాలనీ చెప్పాడు. నీ జనమే కదా చెప్పారు పుల్లగా ఉందని, ప్రతి వారం, ఒక్కరూ తప్పకుండా, అన్నాడు.

"బావగారూ, నా జనం మీ గుమ్మం తొక్కేముందు ఏం తిని వస్తారో ఎప్పుడైనా అడిగారా?"

అతనికి అర్థం కాలేదు. ఆవిడ చెప్పింది. గొంతు పెంచకుండా, వరసగా, ఒదిల్ టార్టు, మేపుల్ వెన్న, పాకం బిళ్ళలు. తీపి మీద ఆ వైన్ ఎలా తగులుతుందో కూడా చెప్పింది. అతనికి తెలియాలనే చెప్పింది. తెలియని వాడి మీద పగ సగమే తీరినట్టు.

అర్మాన్ ట్రాక్టరు వైపు చూశాడు. "గ్లాసుల జిగురు..." అన్నాడు. అంతలో మోడుల గుట్ట కేసి తిరిగాడు.

"అవి లూసియెన్ మొక్కలు కదా అమ్మాయ్. వాడు నాటినవి. నువ్వు కంటికి రెప్పలా చూసినవి. వాటినెలా చంపబుద్ధేసింది నీకు?"

"ఇప్పుడన్నారు ఆ మాట" అంది గిస్లేన్. "ఇన్నేళ్ళూ మీరు నాటినవే. పీకేశాక మా ఆయన నాటినవయ్యాయి."

ఆవిడ అతన్ని అక్కడే వదిలేసి వెళ్ళి బస్సులో కూర్చుంది. జనాన్ని ఎక్కించుకుని, మాంట్రియల్ చేరేముందు షాంప్లేన్ వంతెన దాటేదాకా వాళ్ళతో సరదాగా కబుర్లు చెప్పింది. ఇంత హుషారైన డ్రైవరమ్మని చూడలేదని ఒకావిడ మెచ్చుకుంది. నిజంగానే ఆవిడకి సంతోషంగా ఉంది. ఆ సంతోషం వేసవంతా ఉంది.

కొత్త మొక్కలు కాపుకి రాకముందే అర్మాన్ కొండ అమ్మేసి కొవాన్స్‌విల్‌లో కూతురి పంచన చేరాడు. కొన్నవాళ్ళు సెలవులకి వచ్చేవాళ్ళ కోసం చెక్క గదులు కట్టారు. కబురు చెప్పి, ఇక నీ కడుపు చల్లబడిందా అని అడిగింది ఒదిల్. ఆయన సంగతి తలుచుకుంటే చల్లబడిందనీ, మొక్కల సంగతి తలుచుకుంటే మండుతోందనీ, రెండూ ఒకేసారి తలపుకొస్తున్నాయనీ గిస్లేన్ చెప్పింది. మళ్ళీ అదే అవకాశం వస్తే ఏం చేస్తావంది ఒదిల్. ఆవిడ ఆలోచించి, అదే చేస్తానంది.

ఆ నవంబరులో బస్సు సీజను అయిపోయాక గిస్లేన్ ఫ్రెలిగ్స్‌బర్గ్ దగ్గర ఓ కుర్ర దంపతుల తోటకి వెళ్ళింది. వాళ్ళు కొత్తగా వేశారు, మట్టి కప్పడం చేతకాక కిందా మీదా పడుతున్నారు. పార అడిగి పుచ్చుకుంది. ఎవరు పంపారని ఆ అమ్మాయి అడిగితే ఎవరూ పంపలేదంది. చలిగాలికి ముక్కు కారుతుంటే చేతి వెనక తుడుచుకుంటూ సాయంత్రం దాకా సాలు వెంట సాలు కప్పుకుంటూ పోయింది. ఎవరి మొక్కలో, ఏం వైన్ చేస్తారో కూడా అడగలేదు. చీకటి పడుతుంటే ఆ అమ్మాయి బఠాణీ సూపు చేశాను, తిని వెళ్ళండి అని పిలిచింది. ఇంకో సాలు మిగిలింది, అది అయ్యాక వస్తానంది గిస్లేన్.