ఇరవై ఒక్క రోజుల మోకాలు

రసమట్టం మేస్త్రి అంటే ఆ పట్టణంలో తెలియనివాళ్లు లేరు; నేల మట్టం చూసే ఆ పరికరమే ఆయనకు పేరైపోయింది. కోర్టు వరండా గచ్చు ఆయన చేతిదే. బస్టాండులో లక్షల చెప్పులు తొక్కినా పెచ్చు ఊడని నేల ఆయనదే. పెద్దాసుపత్రి మూడంతస్తులూ ఆయన మోకాళ్ల మీద పాకుతూ పరిచినవే. ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు గానీ, అయిదో తరగతితో బడి మానేసిన ఆ మనిషి ఒకసారి ఇంజనీరుగారి లెక్కలోనే అర అంగుళం వాలు తప్పని పట్టాడు. ఇంజనీరు రెండుసార్లు కొలుచుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నలభై రెండేళ్ల పనిలో ఒక్క పలకైనా పక్క పలక కన్నా వెంట్రుకవాసి ఎత్తు లేచిందని ఎవరూ అనలేదు.

ఆయన పరచని నేల ఒక్కటే మిగిలింది. తన సొంత వంటిల్లు.

ముప్పై నాలుగేళ్లుగా ఆయన భార్య పగుళ్లు బారిన ఆ గచ్చునే ఊడుస్తోంది. పలకలు ఎప్పుడో తెచ్చి మంచం కింద పెట్టాడు. "వచ్చే నెల" అంటాడు. ఆ వచ్చే నెల రాకముందే కుడి మోకాలు అరిగిపోయింది. ఎముకకు ఎముక రాసుకుంటోందని డాక్టరు ఫోటో చూపించి, ఆపరేషన్ చేసి కీలు మార్చేశాడు.

అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. పంపించే ముందు డాక్టరు భుజం తట్టి, "కొత్త కీలు సిమెంటుతో గట్టిగా బిగించాం, భయంలేదు" అన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు.

సిమెంటు అనే మాట చెవిన పడ్డాక మేస్త్రికి ఇంకెవరి సలహా అవసరం లేకపోయింది. సిమెంటు పని చేశాక ఇరవై ఒక్క రోజులు కదపకూడదు. బరువు పెట్టకూడదు. ఎన్ని ఇళ్లలో గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి, తొందరపడి లోపలికి అడుగుపెట్టిన యజమానులను కేకలేశాడో లెక్కలేదు. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితంలో మడమను మంచం మీద ఈడుస్తూ మోకాలు వంచాలనీ, పూటకు పదిసార్లనీ బొమ్మలు వేసి ఉన్నాయి. ఆయన ఆ కాగితాన్ని దిండు కింద దాచాడు.

"చేశావా?" అని భార్య అడిగేది బజారు నుంచి రాగానే.

"నువ్వు అటు వెళ్లగానే చేశాను" అనేవాడు.

ఒకరోజు ఆవిడ నీళ్ల చెంబు తెస్తుంటే, "కొంచెం ఆ కట్టు మీద చిలకరిస్తే ఎలా ఉంటుందంటావ్?" అని మెల్లగా అడిగాడు.

"నీళ్లు తగలనివ్వద్దని డాక్టరు చెప్పాడుగా. మోకాలనుకున్నావా, గోడనుకున్నావా?" అంది ఆవిడ. మేస్త్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇరవై రెండో రోజు ఫిజియోథెరపీ గదికి కర్ర పట్టుకుని వచ్చాడు. గోడకు నిలువెత్తు అద్దం, నడక నేర్పే రెండు కడ్డీలు, మూలన ఒక పెద్ద రబ్బరు బంతి. ఆయన అవేవీ చూడలేదు. ముందు నేల చూశాడు.

"ఈ గచ్చు నాదే" అన్నాడు.

అక్కడ వ్యాయామాలు చేయించే అమ్మాయిది ఆయనకు కూతురయ్యేంత వయసు. "అయితే మీ గచ్చు మీదే మిమ్మల్ని నడిపిస్తాను మేస్త్రిగారూ. కాలు వంచండి చూద్దాం" అంటూ, రెండు పుల్లలు కలిపిన ప్లాస్టిక్ కోణమానిని మోకాలి పక్కన పెట్టి కొలిచింది. మళ్లీ కొలిచింది. ముఖంలో నవ్వు పోయింది.

"యాభై ఎనిమిది డిగ్రీలే వస్తోంది. ఈపాటికి తొంభైకి దగ్గర పడాలి. వ్యాయామాలు చేస్తున్నారా?"

"ఒక్కనాడు కూడా కదపలేదమ్మా" అన్నాడు మేస్త్రి గర్వంగా. "ఇరవై ఒక్క రోజులూ పూర్తిగా ఆరనిచ్చాను."

పక్కనున్న భార్య తల తిప్పి ఆయన్ని చూసిన చూపుకు, ఆ అమ్మాయి నవ్వాలో వద్దో తెలియక కోణమానినే చూస్తూ నిలబడింది. సంగతంతా విన్నాక స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఆ సిమెంటు పావుగంటలో గట్టిపడిపోతుంది మేస్త్రిగారూ. మీరు ఆపరేషన్ బల్ల దిగకముందే దాని పని అయిపోయింది. కదపకపోతే బిగుసుకునేది చుట్టూ ఉన్న కండ. మూడు వారాల్లో తొంభై రాకపోతే, మళ్లీ మత్తు ఇచ్చి డాక్టరుగారు బలవంతంగా వంచాల్సి వస్తుంది."

మేస్త్రి కుడి మోకాలు తడుముకున్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు. "మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని పని చెయ్యగలనా?"

"ఈ వయసులో ఇంకా ఎవరి పనండీ?"

"మా వంటింటిది మిగిలిపోయిందమ్మా" అన్నాడు, భార్యకు వినపడకుండా.

ఆ రోజు నుంచి పూటపూటా మంచం మీద మడమ ఈడ్చడమే. పళ్లు బిగబట్టి, దుప్పటి గుప్పిట్లో నలిపి, కళ్లలో నీళ్లు తిరిగినా ఆపేవాడు కాదు. భార్య పక్కన కూర్చుని లెక్కపెట్టేది. ఆరు అయ్యాక ఎనిమిది అనేది.

"ఏడేది?" అనేవాడు.

"నీ నొప్పి చూడలేక మింగేశాను."

"నా పనిలో కల్తీ చెయ్యకు. మళ్లీ ఆరు నుంచి పట్టు."

మూడో వారం చివరికి తొంభై రెండు వచ్చింది. మరో నెలకు నూట పది. కొలిచే అమ్మాయి పొంగిపోయింది గానీ, ఆయన అడిగినదానికి మాత్రం తల అడ్డంగా ఊపింది. "నడవండి, మెట్లెక్కండి, కుర్చీలో ఎంతసేపైనా కూర్చోండి. నేల మీద గొంతుక్కూర్చోవడం, ఆ మోకాలు ఆనించి పనిచెయ్యడం మాత్రం వద్దు. మీ ఎడమ మోకాలు కూడా అంతంతమాత్రమే."

ఇంటికి రాగానే మేస్త్రి మంచం కింది పలకల వైపు చూశాడు.

మర్నాడు పొద్దున భార్య బజారుకు వెళ్లగానే వంటింట్లో ఇనప గమేళాలో సిమెంటు, ఇసుక వేసి మాలు కలిపాడు. తలగడ ఒకటి కింద వేసి, ద్వారబంధం పట్టుకుని, మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టాడు. సగం దూరం దిగాడో లేదో, గుమ్మంలో సంచీ కింద పెట్టిన చప్పుడైంది.

ఆవిడ అరవలేదు. దగ్గరికి వచ్చి చంకలో చెయ్యివేసి పైకి లేపింది.

"ఊరందరి నేలా నీ మోకాళ్లే కదా మోసింది. ఇది కూడా వాటి మీదే పరిస్తే, నేను దాని మీద నడవలేనయ్యా."

కుర్చీ తెచ్చి గుమ్మంలో వేసి ఆయన్ని కూర్చోబెట్టింది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, తాపీ తీసుకుని కింద కూర్చుంది. పెళ్లయిన కొత్తలో ఆయన వెనక మాలు అందించిన చేతులవి.

"ఊఁ, చెప్పు. ఏ మూల నుంచి?"

ఆయన చెప్పాడు. ఆవిడ మాలు పరిచి, పలక దించి, రబ్బరు సుత్తితో కొట్టింది. ఆయన చెవి ఒగ్గి విన్నాడు.

"ఎడమ మూల బోలుగా మోగుతోంది. ఎత్తు."

"వింటున్నావా, వంక వెతుకుతున్నావా?"

"రెండూ."

ఎత్తి మళ్లీ వేసింది. నాలుగో పలక నుంచి ఆయన ఎత్తమనడం తగ్గింది. ఏడో పలకకు, "ఈ చెయ్యి ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే" అన్నాడు.

"గిన్నెలు తోముతూ" అంది ఆవిడ.

పదకొండో పలక దించాక ఇంకో పలక కోసం లేవబోయి, ఒక చెయ్యి గోడకు ఆనించి, రెండో చెయ్యి మోకాలి మీద పెట్టుకుని క్షణం ఆగింది. పైటతో మొహం తుడుచుకుంటున్నట్టు అటు తిరిగింది. అయినా ఆయన చూశాడు.

"చాలు" అన్నాడు.

"చాలేంటి? ఇంకా సగం ఉంది. కలిపిన మాలు పాడైపోతుంది."

"పోనీ."

కలిపిన మాలు పాడుచెయ్యడం ఆయన చేతిలో ఎన్నడూ జరగలేదు. ఆవిడ తాపీ పట్టుకునే నిలబడిపోయింది. ఆయన లేచి, ఇంకో కుర్చీ ఈడ్చుకొచ్చి తన కుర్చీకి ఎదురుగా వేశాడు.

"ఇలా కూర్చుని ఆ కాలు చాపు."

"నాకేమైంది? బాగానే ఉంది."

"పదేళ్లు నేనూ అదే మాట అన్నాను" అన్నాడు మేస్త్రి. ఆవిడను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుటి దాంట్లో తను కూర్చుని, మడమను అరచేతిలోకి తీసుకున్నాడు. "మెల్లగా వంచు. నొప్పి ఎక్కడ మొదలైతే అక్కడ చెప్పు, దాచకు. ఎల్లుండి ఆ అమ్మాయి దగ్గరికి నువ్వూ వస్తున్నావు."

ఆవిడ తాపీ కింద పెట్టింది. కాలు కొంచెం వంచి, "ఇక్కడ" అంది.

గమేళాలో మాలు గట్టిపడుతోంది. ఇద్దరూ లేవలేదు.