తల ఎత్తి చెప్పు

మా బీఈడీ కాలేజీలో సైకాలజీ చెప్పిన సార్ పోయారని మొన్న వనపర్తి నుంచి ఆయన భార్య ఫోన్ చేశారు. నేనప్పుడు యూనివర్సిటీలో క్లాసు చెప్పడానికి బయల్దేరుతున్నాను. ఏడుపొచ్చింది కానీ క్లాసు మానలేదు. మానితే సార్ తిట్టేవారు.

యూనివర్సిటీలో సైకాలజీ చెప్పాలంటే ఎమ్మే చేయాలి, నెట్ పాసవ్వాలి, పీహెచ్‌డీ చేయాలి. ఖిల్లా ఘణపూర్‌లో మా ఇంట్లో ఇవేవీ ఎవరికీ తెలియవు. అన్నీ సారే దగ్గరుండి చెప్పారు. ఆయన బెంగంతా వైవా గురించే. పరిశోధన రాసిచ్చాక, బయటి ప్రొఫెసర్ వచ్చి అందరి ముందు ప్రశ్నలడిగే పరీక్ష అది.

మా వైపు పెద్దలేమైనా అడిగి, మనకు తెలియకపోతే తల దించుకుని ఊరుకుంటాం. అదే మర్యాద. సార్ ఒకప్పుడు ఇంటర్వ్యూలో అలాగే ఊరుకుని యూనివర్సిటీ పోస్టు పోగొట్టుకున్నారట. "పొగరనుకున్నరు బిడ్డా" అనేవారు.

అందుకే ఆదివారాలు నన్ను వాళ్లింట్లో నిలబెట్టి, చాయ్ కూడా తాగనీయకుండా ప్రశ్నలేసేవారు. నా తల కాస్త వంగితే బల్ల మీద గట్టిగా కొట్టేవారు.

"తెల్వదంటే తెల్వదని చెప్పు. తల ఎత్తి చెప్పు. ఎట్ల తెలుసుకుంటవో గది గూడ చెప్పు."

"జర పిల్లను ఊపిరి తీసుకోనీయరాదు!" అని వంటింట్లోంచి అమ్మ కేకేసేది. సార్ భార్యను నేను అమ్మ అనే పిలిచేదాన్ని. నాకూ ఒళ్లు మండేది.

వైవా రోజు సార్ పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ వచ్చి చివరి వరుసలో కూర్చున్నారు. తల్లిదండ్రులు వలసకూలికి పోతే పాన్‌గల్‌లో అవ్వల దగ్గర ఉండిపోయిన పిల్లల భయాల మీద నా పరిశోధన. అమ్మానాయనలు తిరిగొచ్చాక ఆ భయం పోతుందా అని ప్రొఫెసర్ అడిగారు.

నా పరిశోధనలో నేనది చూడలేదు. ఇన్నేళ్ల చదువు ఇక్కడే ఆగిపోతుందనుకున్నాను. తల దానంతటదే వంగిపోతోంది. బల్ల మీద సార్ కొట్టే దెబ్బ గుర్తొచ్చి బలవంతంగా ఎత్తాను.

"తెలియదు సార్. వాళ్లు తిరిగొచ్చాక ఇదే పిల్లలను మళ్లీ కలవాలి. అప్పుడే చెప్పగలను."

"అయితే మళ్లీ వెళ్లండి" అని ప్రొఫెసర్ నవ్వారు. బయట సార్ ఒక్కటే అన్నారు: "ఇగ చాయ్ తాగుదాం పా."

నిరుడు సార్‌కు మతిమరుపు జబ్బు ముదిరిందని తెలిసి వనపర్తి వెళ్లాను. "ఎవరొచ్చిన్రో ఎరుకైందా?" అని అమ్మ అడిగింది. సార్ తల దించుకున్నారు. ఆ తల అలా వంగి ఉంటే చూడలేకపోయాను. వైవాలో కన్నా ఎక్కువ భయమేసింది.

చాలాసేపటికి తల ఎత్తి సూటిగా నా కళ్లలోకి చూశారు.

"తెల్వదు," అన్నారు గట్టిగా. "నీ పేరు చెప్పు బిడ్డా, తెలుసుకుంట."

చెప్పాను. కాసేపటికి మళ్లీ నా పేరే అడిగారు, తల దించకుండా.