మా మేనత్తకు నచ్చని ప్రింటర్లు

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను ప్రింటర్ మూత తెరిచి దాన్ని తిడుతూ కూర్చున్నాను. నెల రోజులు ముట్టుకోకపోయేసరికి లోపల సిరా ఎండిపోయి, మా అమ్మాయి స్కూలు కాగితం మీద అక్షరాల మధ్య తెల్లచారలు వస్తున్నాయి. "అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, జరసేపు పండుకుంట అన్నది, మల్ల లేవలే" అన్నాడు బావ. ఆ ప్రింటర్ నా కొంపలోకి రావడానికి కారణం ఆమే. వాడకపోతే పాడవుతుందని వారం వారం వచ్చి నా ప్రాణం తీసిందీ ఆమే. కాలునొప్పని నెల రోజులు రావడం మానేసింది, అది కాస్తా మూలపడింది. పోయినవాళ్ల మీద కోపం తెచ్చుకోకూడదంటారు. నాకైతే వచ్చింది. నాలుగు రోజులు ఆగి పోకూడదా అనిపించింది.

ఆమె మా నాన్నకు అక్క, నాకు అత్తమ్మ. మాది జహీరాబాద్ వైపు. ఆమెను రాష్ట్రం సరిహద్దు దాటించి చింతకి అనే పల్లెలో ఇచ్చారు. జీవితమంతా కంది చేలల్లో, జొన్న చేలల్లో గడిపి, మామ పోయాక బీదర్‌లో కొడుకు దగ్గరకు వచ్చింది. నేను ఉద్యోగం కోసం ఇదే ఊరికి వచ్చి వాళ్ల పక్క గల్లీలో అద్దెకు దిగాను. అలా ఆమెకు నేను, నాకు ఆమె దొరికాం. ఎవరు ఎవరికి దొరికిపోయారో నాకింకా తేలలేదు.

బావ వాళ్ల ముందుగదిలో మామ ఫోటో ఒకటి ఉంది. నల్లకోటు, ఎర్ర టై, గులాబిరంగు బుగ్గలు, వెనకాల జలపాతం. మామ పోయినప్పుడు స్టూడియోవాళ్లు తల ఒకచోటిది, ఒళ్లు ఒకచోటిది అతికించి ఇచ్చారు. మా వైపు చాలా ఇళ్లలో పెద్దవాళ్లందరూ అలాగే కోట్లు తొడుక్కుని గోడలెక్కి ఉంటారు. అందరూ దండం పెట్టుకుంటారు. మా మేనత్త మాత్రం పెట్టేది కాదు. "ఎవ్వడే ఈడు? పట్వారీ లెక్కున్నడు. మీ మామ బతికినన్ని దినాలు అంగీకి గుండీలే పెట్టలే, కోటేసుకుంటడా?" అనేది. మామ చేలో నిలబడి ఉండగా ఎవరో తీసిన ఫోటో ఒకటి ఆమె ఫోన్‌లో ఉంది. తలకు రుమాలు, ఎండకు చిట్లించిన కళ్లు, కాకినలుపు మొహం. దాన్ని పెద్దది చేయించమని ఏ స్టూడియోకి ఇచ్చినా తెల్లగా చేసే ఇచ్చారు. చేయొద్దంటే, "మంచిగుంటదమ్మా" అని ఆమెకే నచ్చజెప్పారు.

అలాంటి మనిషి ముందు, ఇంట్లోకి ఒక ప్రింటర్ కొంటున్నాను అనేశాను. ఇంకేముంది! నాకు కావలసింది పిల్లల స్కూలు కాగితాలకు, ఆధార్ నకళ్లకు, పొలం పహాణీలకు పనికొచ్చే ఏదో ఒక చవకరకం మిషన్. ఒక గంట పని. "ఇంట్లనే ఫోటోలొస్తయా? స్టూడియోవోని చెయ్యి వడదా?" అని ఆమె లేచి నిలబడింది. ఆ రోజుతో నా గంట పని కాస్తా ఆమె పనైపోయింది.

బీదర్‌లో కంప్యూటర్ షాపంటూ ఉంటే మేం ఎక్కని మెట్టు లేదు. మొదటి షాపతను లేజర్ ప్రింటర్ చూపించాడు. నలుపు తెలుపే వస్తుందని, కాగితాలకు దాన్ని మించింది లేదని, నెలల తరబడి ముట్టుకోకపోయినా చెడిపోదని చెప్పాడు. నాకు నచ్చింది. "మనిషి రంగు రాదా?" అంది అత్తమ్మ. రాదన్నాడు. "మరేం జేస్కోవాలె, నెత్తిన వెట్టుకోవాల్నా?" అని కిందికి దిగింది. ఇంకోచోట అరచేతిలో పట్టే ఫోటో ప్రింటర్ చూపించారు. ఆమె కళ్లు మెరిశాయి. దాంట్లో ఆధార్ కాగితం రాదని ఈసారి నేను దిగాను. మరోచోట కార్ట్రిడ్జ్ వేసేది తక్కువ ధరకే ఉంది గానీ, సిరా డబ్బీల ధర విని ఆమె ఒంటికాలి మీద లేచింది. "మిషిన్ అగ్గువ, సిరా పిరం! బర్రెను అగ్గువకిచ్చి గడ్డి పిరం జేసినట్టున్నది మీ యాపారం." షాపతను నా వంక జాలిగా చూశాడు. ఆ చూపు నాకు అలవాటైపోయింది.

చివరికి ఒకతను సిరా సీసాలతో నింపుకునే ట్యాంకు ప్రింటర్ చూపించాడు. మిషన్‌కి కాస్త ఎక్కువ పెట్టాలి, తర్వాత ఖర్చు తక్కువ, రంగులూ వస్తాయి, కాగితాలూ వస్తాయి. అప్పుడప్పుడు వాడుతూ ఉంటే చాలట. నా పాలిట దేవుడిలా కనిపించాడు. నమూనాకి ఒక కాగితం తీసి చూపించాడు. దాని మీద చిలకలు, పూలు. "చిలకలు మస్తుగున్నయ్ గని, నాకు చిలకలెందుకు? మా ఇంటాయనను తియ్యి" అంది. కొనకుండా తీయడం కుదరదన్నాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, "నాకేం తొందర లేదు" అంది. వెనకాల జనం పోగయ్యారు. నేను తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మౌసులు బేరమాడుతున్నట్టు నటించాను. ఆఖరికి అతనే ఓడిపోయి మామను ప్రింటు తీశాడు. మామ బయటికొచ్చాడు, చామనఛాయగా!

"చూడుండ్రి, మిషినే ఫెయిర్ చేస్తది. స్టూడియోకి పోయే పనే లేదు" అన్నాడతను గర్వంగా.

అత్తమ్మ స్టూలు మీంచి లేచింది. "గిది గూడ గా స్టూడియో జాతే" అని నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

తలప్రాణం తోకకొచ్చి, మర్నాడు నేనొక్కదాన్నే వెళ్లి అదే ప్రింటర్ కొనుక్కొచ్చాను. ఆమె ముఖం మాడ్చుకుంది. దాని సెట్టింగుల్లో వెతగ్గా వెతగ్గా, ఫోటోను తనంతట తానే బాగుచేసే గడి ఒకటి కనిపించింది. అందులో టిక్కు తీసేసి, మంచి ఫోటో కాగితం పెట్టి, ఆమెను పిలిచాను. కాగితం అంచెలంచెలుగా దిగింది. ముందు రుమాలు, తర్వాత నుదురు, ఆ తర్వాత ఎండకు మూసుకుపోయిన కళ్లు. ఆమె దాన్ని ఊదుకుంటూ చాలాసేపు పట్టుకుని, "ఆఁ, వచ్చిండు" అంది. అంతే. నాకో మంచి మాట లేదు, థాంక్స్ లేదు. ఇంటికి పోయి ఆ ఫోటోను కోటాయన అద్దం మీద గోధుమపిండి ఉడికించి అంటించింది. బావ మొత్తుకున్నా తీయలేదు.

అప్పటినుంచి ఆదివారం వస్తే చాలు, "కోడలా, నీ మిషిన్ నడిపినవా?" అంటూ దిగేది. ఏదో ఒకటి ప్రింటు తీయందే కదిలేది కాదు. తీసిన ప్రతిదానికీ వంక. ఎరుపెక్కువైందనేది, చెట్టు ఆకు అలా ఉండదనేది. కాగితాలకు పెట్టేది నేను, వంకలు పెట్టేది ఆమె! కానీ ఒక్కరోజు మాత్రం ఆమెకు దండం పెట్టాలనిపించింది. మా అమ్మాయి అత్తమ్మ రంగే. స్కూలుకని స్టూడియోలో దిగిన ఫోటోలో తెల్లగా వచ్చానని ఎగురుతూ వచ్చి చూపించింది. అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "గీ పోరి ఎవ్వలో గని, నీకన్న మంచిగ లేదు" అంది. మా అమ్మాయి కాసేపు అలిగింది. తర్వాత తనే వచ్చి, ఇంట్లో ఇంకో ఫోటో తీయమ్మా అని అడిగింది. నేను ఏళ్ల తరబడి చెప్పినా ఎక్కని మాట ఆ ముసలామె ఒక్క ముక్కలో ఎక్కించింది.

తన ఫోటో కూడా తనే తీయించుకుంది. మా గుమ్మంలో కూర్చుని కందులు చెరుగుతూ, నన్నేదో తిడుతూ ఉండగా తీశాను. నోరు సగం తెరిచి ఉంది, ముందుపన్ను లేని సందు కనిపిస్తోంది. "గిదే ఉంచు. నేను పోతే మీ బావ స్టూడియోకి ఉరుకుతడు. కోటు తొడిగినా తొడుగుతడు. మొహం మొహంలెక్క ఉండాలె. నీ జిమ్మ" అని నాకు అప్పజెప్పింది. అప్పుడు నవ్వాను.

ఆమె అన్నంత పనీ బావ చేశాడు. దినాల నాటికి పటం కట్టించి తెచ్చాడు. తెల్లటి మొహం, ఆకుపచ్చ పట్టుచీర, మెడలో ఆమె ఎన్నడూ వేసుకోని హారం, బుద్ధిగా మూసుకున్న నోరు. అత్తమ్మ నోరు మూసుకోవడం నేనక్కడే చూశాను.

"బావా, ఈమె ఎవరు?" అన్నాను.

"లొల్లి వెట్టకు. ఎన్నడన్న మంచి చీర గట్టిందా, ఒంటిమీద బంగారమేసిందా? ఎండలనే బతుకంత పాయె. గిప్పుడన్న నలుగుర్ల మంచిగ కనవడనియ్యి" అన్నాడు. అతని బాధ అతనిది. కానీ జిమ్మ నాది.

ఇంటికి పరుగెత్తాను. మిషన్‌ను శుభ్రం చేసే బటన్ నొక్కాను. చారలు. మళ్లీ నొక్కాను. నీలం మాత్రమే వచ్చింది. సీసాలో సిరా తగ్గిపోతోంది గానీ మొహం రావడం లేదు. "అత్తమ్మా, నీ మిషనే, నువ్వే చెప్పుకో దీనికి" అని గట్టిగా అరిచి, అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆమె పోయినప్పటినుంచి రాని ఏడుపు ఆ దిక్కుమాలిన మిషన్ ముందు వచ్చింది. కాసేపటికి బటన్ మళ్లీ నొక్కితే చారలు పోయాయి. తీరా చూస్తే ఫోటో కాగితాలు అయిపోయాయి. మామూలు తెల్లకాగితం మీదే తీశాను. కొంచెం మాసినట్టు వచ్చింది. కానీ రంగు ఆమెదే, నోరూ ఆమెదే. ఆ కాగితం తీసుకెళ్లి పటం పక్కన చెంబుకు ఆనించి నిలబెట్టాను. బావ చూసి మొహం తిప్పుకున్నాడు గానీ తీసేయలేదు.

దుబల్గుండి నుంచి చిన్నత్త వచ్చింది. అత్తమ్మకు ఆఖరి చెల్లెలు. నెమ్మదస్తురాలు. పటం ముందు నిలబడి, ఎవరింట్లోనైనా పెట్టినట్టే మర్యాదగా రెండు చేతులూ జోడించింది. పక్కకు జరగబోతూ ఆ కాగితం చూసింది. దాని ముందే చతికిలబడింది.

"ఓ యక్కా! నోరట్ల దెర్సుకోని చూస్తున్నవేందే? నాకొక్క మాట జెప్పకుంట పోతవా? పండుగకొస్తనంటివి గదనే, నీ మాటకు విలువుండొద్దా?" అని తిట్టడం మొదలుపెట్టింది. అచ్చం అత్తమ్మలాగే తిట్టింది. కళ్లు తుడుచుకున్న చేత్తోనే ఆ చెంప నిమిరింది. పచ్చిసిరా కదా, తడికి చెదిరి ఆమె వేళ్లకు అంటుకుంది. నేను గబగబా గుడ్డ తెచ్చాను. ఆమె చేయి తుడవనివ్వలేదు. వేళ్లను వెలుతురుకు పెట్టి చూసుకుని, "గిదే రంగు మా యక్కది" అంది.

మధ్యాహ్నం అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. నేను చెంబుతో నీళ్లు తీసుకెళ్లి చేయి కడుక్కోమన్నాను. చిన్నత్త చేయి వెనక్కి తీసుకుంది.

"ఒక చెంచా ఉంటే ఇయ్యి కోడలా" అంది.

పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చెంచా పట్టని మనిషి. రంగంటిన వేళ్లను ముడుచుకుని, బొటనవేలితో చెంచాను అదిమి పట్టుకుని, పప్పన్నం ఒలికించుకుంటూ నెమ్మదిగా తింటూ కూర్చుంది.